మూతి చూసి చెప్పిన చదువు

నంద్యాల
జులై 9

సలోమీ,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఆ, ఆ, సరే" అని పెట్టేస్తావు. ముప్పై ఏళ్లు పిల్లలను "పూర్తి వాక్యంలో జవాబు చెప్పు" అని వేపుకుతిన్న హెడ్మాస్టరమ్మవు, నాకు మాత్రం "ఆ" ఒక్కటే జవాబా? అందుకే కాగితం తీశాను. ట్రైనింగ్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి నువ్వు దీనికి జవాబు రాసి తీరాలి.

విషయం ఏమంటే, నేను పంతులమ్మనయ్యాను. నవ్వకు! నీతోపాటే పాసయ్యాను గదా. నీకు ఉద్యోగం వచ్చింది, నాకు పెళ్లయింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ కిరాణా అంగట్లో పప్పూ బెల్లం తూచాను. ఇప్పుడు అంగడి మిద్దె మీద బస్తాల గది ఖాళీ చేయించి తొమ్మిదిమంది పిల్లలను కూర్చోబెట్టుకున్నాను. హమాలీల పిల్లలు, ఇళ్లల్లో పాచిపని చేసేవాళ్ల పిల్లలు. నాలుగూ అయిదూ తరగతులకు వచ్చారు, వాళ్ల పేరు తప్ప ఇంకో ముక్క చదవలేరు. రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా చెబుతాను. మా ఆయన "ఇది అంగడా, బడా?" అని గొణిగాడు గానీ చాపలు ఆయనే తెచ్చి పరిచాడు.

నేను కనిపెట్టిన పద్ధతి విను. పుస్తకాల జోలికే పోను. అంగట్లో పాకెట్లే పాఠాలు. ఉప్పు, సబ్బు, టీపొడి, అగ్గిపెట్టె. రెండు వారాలకే గడగడా చదివేస్తున్నారు. హమాలీ సుందరరాజు కూతురు భావన ఉంది చూడు, పసుపు పాకెట్టు నా చేతిలో తిప్పకముందే చదివేస్తుంది!

మెచ్చుకోలైతే రెండు పేజీలు రాయి. తిట్లయితే కార్డు చాలు.

నీ
సరస్వతి


ఆళ్లగడ్డ
జులై 15

సరస్వతీ,

కార్డు చాలదు.

నీ పిల్లలు చదవడం లేదు. పాకెట్టు రంగు చూసి చెబుతున్నారు. తిప్పకముందే చదివిందంటే దాని అర్థం ఏమిటి? "పసుపు" అని తెల్లకాగితం మీద నల్ల సిరాతో రాసి భావన ముందు పెట్టు. తర్వాత నాకు రాయి.

బాధపడొద్దు. తొమ్మిదిమందీ కలిసి నిన్ను బోల్తా కొట్టించారు, అంతే. చదువు రాని పిల్ల తెలివితక్కువది అనుకుంటారు. కాదు. చదువు రాదన్న సంగతి దాచుకోవడానికి అది రోజంతా తెలివి ఖర్చు చేస్తుంది. మనం దానికంటే ఒక అడుగు ముందుండాలి. నేనైతే ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని మూతి చూస్తాను. మూతి ఎట్లా కదులుతుందో చూస్తే ఎక్కడ తడబడుతున్నారో తెలిసిపోతుంది.

నాకూ చర్చి వసారాలో పదకొండుమంది ఉన్నారు. రిటైరైన మరుసటి సోమవారమే మొదలుపెట్టాను. అందులో దీవెన అని అయిదో తరగతి పిల్ల. తల్లి లూదియా కూలికి పోతుంది. మొన్న వసారాలోకి వచ్చి నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది: "టీచరమ్మా, అయిదేండ్లు బడికి పోయినాది. ఒగ ముక్క సదవలేదు. సదువు రానిదానికి బడెందుకు? వచ్చే జూన్ లోపల రాకుంటే పత్తి క్రాసింగుకు తోలుకపోతా."

క్రాసింగు అంటే నీకు తెలుసు గదా, విత్తనాల పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని. చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలనే పిలుస్తారు. ఒకసారి పోయిన పిల్ల మళ్లీ బడి మెట్లెక్కడం నా సర్వీసులో నేను చూడలేదు.

జూన్ లోపల చదివిస్తానని మాటిచ్చాను. చదివిస్తాను.

సలోమి

ఫోన్ సంగతి: ఇక్కడ సిగ్నల్ ఉండదు. ఉత్తరమే రాయి.


నంద్యాల
ఆగస్టు 2

సలోమీ,

గెలిచావు తల్లీ. తెల్లకాగితం మీద "పసుపు" అని రాసి పెట్టాను. భావన దాన్ని అటు చూసింది, ఇటు చూసింది, "అవ్వా, ఇది ఏ కంపెనీది?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు కిందికి దిగి అంగట్లో కూర్చుంటే మా ఆయన నా ముఖం చూసి టీ తెప్పించాడు.

మళ్లీ అక్షరం నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్క పిల్ల, ఒక్కొక్క గుణింతం. నాకు ఓపిక లేదనుకున్నావు గదా? చింతపండులో గింజలు ఏరిన చేతులివి. ఆ పిల్లలు చదివేదాకా వదిలిపెట్టను.

దీవెన ఎట్లా ఉంది?

సరస్వతి


ఆళ్లగడ్డ
జనవరి 3

సరస్వతీ,

ఈ ఉత్తరం తెచ్చిన పిల్లే దీవెన. వాళ్ల నాయన ఏసయ్య మీ ఊళ్లో బియ్యం మిల్లులో ఉన్నాడు. ఇక్కడ పత్తి తీత అయిపోయింది కాబట్టి లూదియా కూడా మే దాకా అక్కడే పని చేస్తుందట. దగ్గర బళ్లో కూర్చోబెట్టుకుంటామన్నారు. సాయంత్రాలు నీ దగ్గరికి పంపమన్నాను.

సంతోషంగా రాస్తున్నాను. ఈ పిల్ల చదువుతోంది. క్రిస్మస్‌కు ముందు రెండో తరగతి వాచకం మొత్తం నా ఎదుట పూర్తి చేసింది. ఎక్కడా ఆగలేదు. భయపెట్టకుండా నీ పిల్లల్లో బాగా చదివేవాళ్ల పక్కన కూర్చోబెట్టు. జూన్‌కు లూదియా నోరు మూయించవచ్చు.

సలోమి


నంద్యాల
జనవరి 19

సలోమీ,

దీవెన వచ్చింది. మంచి పిల్ల. రెండు జడలు తనే వేసుకుంటుంది, పాపిడి ఎంత తిన్నగా తీస్తుందనుకున్నావు! మా ఆయనకు మోకాలి నొప్పి మళ్లీ మొదలైంది. ఈ ఏడు శనగపప్పుకు పురుగు తొందరగా పట్టింది, రోజూ మిద్దె మీద ఎండబోస్తున్నాము. వేపాకు వేసి చూశాను, ఎండు మిరపకాయలు వేసి చూశాను. వెలుగోడులో మా ఆడబిడ్డ బూడిద కలపమంటుంది. నువ్వేమంటావు?

చలి తగ్గలేదు. ఒంట్లో ఎట్లా ఉంది? చెవుల్లో దూది పెట్టుకుంటున్నావా?

సరస్వతి


ఆళ్లగడ్డ
జనవరి 24

సరస్వతీ,

నేను జడల గురించి అడగలేదు. శనగపప్పు గురించి అంతకన్నా అడగలేదు. నువ్వు పురుగు గురించి అరపేజీ రాశావంటే ఏదో దాస్తున్నావు. పిల్లకు ఏమైనా అయిందా? ఉన్నది ఉన్నట్టు రాయి.

సలోమి


నంద్యాల
జనవరి 30

సలోమీ,

రాస్తాను. కోపం తెచ్చుకో, కానీ చివరిదాకా చదువు.

దీవెనకు చదవడం రాదు.

వచ్చిన రోజే నీ ఉత్తరం దాని చేతికిచ్చి "నీ గురించి ఏం రాసిందో నువ్వే చదువమ్మా" అన్నాను. "నన్ను బాగా చూసుకోమని రాసినాది" అంది, కాగితం చూడకుండానే. సరే, సిగ్గనుకున్నాను. వాచకం ఇచ్చాను. దీవెన పెదవులు చకచకా కదిలాయి. వేలు వరుస వెంట నడిచింది. వరుస చివర ఊపిరి కూడా తీసుకుంది. గొంతు మాత్రం రాలేదు. కింద లారీ మోతకు వినపడలేదేమోనని "గట్టిగా చదువు పాపా" అన్నాను. మళ్లీ అంతే. అప్పుడు భావన పకపకా నవ్వి, "అవ్వా, ఇది ఉత్తుత్తికే నోరాడిస్తాంది" అంది.

దీవెన ఏడ్చింది. బెల్లంముక్క చేతిలో పెట్టి అందరినీ కిందికి పంపి అడిగాను. అది చెప్పిన మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"టీచరమ్మకు ఇనపడదు గదవ్వా. నోరాడిస్తే శెభాష్ అంటాది. నేనొగదాన్నే కాదు, శానామందిమి అట్లనే చేస్తాం."

"తప్పు గదమ్మా. రాదని చెప్పొచ్చు గదా?"

"శెభాష్ అన్నప్పుడు టీచరమ్మ శానా సంతోషంగా ఉంటాది. చెప్తే ఏడుస్తాదేమో అని."

సలోమీ, నీ "ఆ, ఆ, సరే" నాకిప్పుడు అర్థమైంది. సిగ్నల్ కాదు గదా? ఎన్నాళ్లయింది? నాకెందుకు చెప్పలేదే? పసుపు పాకెట్టు విషయంలో నేను వెర్రిదాన్నయ్యానని నీకు దాచకుండా రాశాను గదా.

ఇది రాయాల్సి వస్తుందని మూడు వారాలుగా నిద్రపట్టలేదు. పురుగుల గురించి రాసింది అందుకే.

లూదియాకు ఇంకా ఏమీ చెప్పలేదు. జూన్‌కు నాలుగు నెలలుంది.

సరస్వతి


ఆళ్లగడ్డ
ఫిబ్రవరి 4

సరస్వతి గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ పిల్ల చదువు ఎగ్గొట్టడానికి అబద్ధమాడింది, మీరు నమ్మారు. ముప్పై ఏళ్లు నేను పాఠం చెప్పిన నోటితోనే చెబుతున్నాను. నాకు ఉద్యోగం వచ్చి మీకు రాలేదన్న కుళ్లు మీకు మొదటినుంచీ ఉంది. ఇక రాయనక్కరలేదు.

ఎం. సలోమి


ఆళ్లగడ్డ
మార్చి 16

సరస్వతీ,

ముందు ఆ "గారు" తీసేస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు ఎజ్రాను ఎదురుగా కూర్చోబెట్టాను. నాలుగో తరగతి, నా దగ్గర గట్టి పిల్లవాడు అనుకున్నవాడు. మూతి బాగా కదిలింది. సగంలో ఆపి, పుస్తకం మూసి, "ఇప్పుడు చదివింది పలక మీద రాయి" అన్నాను. రాయలేదు. తల వంచుకున్నాడు. ఆ వారం పదిమందినీ అట్లాగే చూశాను. పదిమందిలో ఆరుగురు, సరస్వతీ. ఆరుగురు! ఒకటిన్నర ఏడాదిగా ఆరుగురి మూతులకు నేను శెభాష్ అంటున్నాను.

కర్నూలు పోయి చూపించుకున్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడి చెవికి మిషను పెట్టారు. పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడితే మాట తెలుస్తుంది. పిల్లల గొంతు సన్నం, అది మాత్రం అందడం లేదు. రిటైరు కాకముందే మొదలైంది. చెబితే "ఇంక చాలు, ఇంట్లో కూర్చో" అంటారని భయపడ్డాను. నీకు కూడా చెప్పలేదు. నీమీద పెట్టిన ఆ కుళ్లు మాట రాసేటప్పుడే అది నా భయమని నాకు తెలుసు. క్షమించమని అడుగుతున్నాను.

పోయిన ఆదివారం లూదియా నంద్యాల నుంచి ఇక్కడి చర్చికి వచ్చింది. పట్టుకుని చెప్పాను. "నాకు వినపడదు. నీ బిడ్డ చదివిందో లేదో తెలియకుండానే చదివిందన్నాను. తప్పు దానిది కాదు, నాది" అన్నాను.

కుడిపక్కకు వచ్చి, చెవిలో నోరు పెట్టి అరిచినంత పని చేసింది. "మాకందరికీ తెల్సు టీచరమ్మా!"

"తెలిస్తే చెప్పరా?"

"ఎట్ల చెప్పల్ల? నువ్వు మానుకుంటే మా పిల్లోళ్లను ఈడ కూచోబెట్టుకునేది ఎవరు?"

వాళ్లకు తెలుసు. ఫాదరుగారికి తెలుసు. తాళాలు తీసే ఎస్తేరుకు తెలుసు. నేను వాళ్ల దగ్గర దాస్తున్నాననుకుంటే, వాళ్లు నా దగ్గర దాచారు. చాలా సిగ్గుపడ్డాను. అయినా లూదియా తన మాట వదల్లేదు. "జూన్ అంటే జూనే టీచరమ్మా" అని పోయింది.

నేను మానను. చెవితో వినలేకపోతే కంటితో చూసే పద్ధతి కావాలి. ఇప్పుడు నా దగ్గర ఎవరూ గట్టిగా చదవరు. చీటీలు రాస్తున్నాను. "తూర్పు కిటికీ మూసి, కుండ మీది మూత తీసి, ఎజ్రాకు గ్లాసు ఇవ్వు" అని ఉంటుంది. పిల్ల చదువుకుని లేచి ఆ పని చేయాలి. పక్కవాడు సాయం చేయకూడదు. మూతి ఎంత ఆడించినా కిటికీ మూసుకోదు గదా. మొదటి రోజు ఒకడు కిటికీ తీసి కుండ మూశాడు. పర్వాలేదు, ఎక్కడ తప్పాడో కనపడింది.

కానీ అక్షరం పలికించడం నా వల్ల కాదు. "ద"కూ "ధ"కూ తేడా నాకు అందదు. దీవెనకు ఆ పని నువ్వు చేయాలి. నీ చెవులు నాకు కావాలి, సరస్వతీ. రెండున్నర నెలలే ఉంది.

సలోమి


నంద్యాల
మే 29

సలోమీ,

లూదియా వాళ్లు ఎల్లుండి ఆళ్లగడ్డ బస్సెక్కుతున్నారు. దీవెన చేతికిచ్చి పంపుదామనుకున్నాను గానీ పోస్టులోనే వేస్తున్నాను, దానికి చూపించకూడని సంగతి ఒకటుంది.

ముందు మంచి మాట. ఈ రెండున్నర నెలల్లో ఆదివారం కూడా వదలకుండా కూర్చున్నాం. ఒత్తులు వచ్చినప్పుడు మా ఇద్దరికీ ప్రాణం పోయింది. "క్షమ" దగ్గర అది పుస్తకం విసిరేసింది, నేను చెప్పు విసిరేశాను, చెప్పు పోయి మా ఆయన లెక్కలు చూసుకునే బల్ల మీద పడింది. ఇప్పుడు నిదానంగానైనా చదువుతుంది. కొత్త వాళ్ల ముందు ఎట్లా చదువుతుందో మాత్రం తెలియదు. బెదురు ఇంకా పోలేదు.

నీ చీటీలు ఇక్కడా పెట్టాను. భావన వాటికోసం పరుగెత్తుకుంటూ వస్తుంది.

ఇక ఆ సంగతి. ఏప్రిల్‌లో రెండు రోజులు దీవెన చదువుకని ఇంట్లో చెప్పి, ఇక్కడికి రాకుండా కాలువ కట్టకు పోయి నీళ్లల్లో ఆడుకుంది. మా ఆయన చూసి తీసుకొచ్చాడు. చెవి మెలేసి ఒట్టు వేయించుకున్నాను. లూదియాకు తెలిస్తే వీపు చిట్లగొడుతుందని చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

నువ్వు కుళ్లు అన్నావు గదా. క్షమించమని కూడా అడిగావు. నిజం చెప్పనా? కొంచెం ఉండేది. నువ్వు చీర కుచ్చిళ్లు సర్దుకుని బడికి పోతుంటే నేను ఉప్పు బస్తా మీద కూర్చుని చూసేదాన్ని. ఈ ఏడాది అది పోయింది. నా చెవులు కావాలని రాశావే, ఆ ఉత్తరం బీరువాలో నా సర్టిఫికెట్ మీద పెట్టుకున్నాను.

జూన్‌లో ఏమైందో వెంటనే రాయి. మా ఆయన కూడా అడుగుతున్నాడు.

సరస్వతి


ఆళ్లగడ్డ
జూన్ 6

సరస్వతీ,

నిన్న సాయంత్రం లూదియా దీవెనను చెయ్యి పట్టుకుని వసారాలోకి తెచ్చింది. ఈసారి కూర్చుంది. పిల్లలంతా ఉన్నారు, ఎస్తేరు కూడా చీపురు పక్కన పెట్టి నిలబడింది. నేను వాచకం తీశాను.

"పుస్తకం వద్దు టీచరమ్మా. అది బట్టీ పట్టింటాది" అంది లూదియా. అటూ ఇటూ చూసి, నా ఒళ్లో ఉన్న నీ ఉత్తరం చూపించింది. మధ్యాహ్నమే పోస్టులో వచ్చింది, ఇంకా విప్పలేదు. "అది ఇయ్. అది యాడా సూసిండదు."

 నీ గుండ్రటి రాత మంచిదే గానీ ఉత్తరంలో ఏ ఒత్తులుంటాయో ఏమో! ఇవ్వనంటే చదువు రాదని ఒప్పుకున్నట్టే. ఇచ్చాను.

తర్వాత లూదియా అంది: "నాకు సదువు రాదు. నీకు ఇనపడదు. అది సదివేది నేను ఇంటా. ఇన్నది నీ చెవిలో చెప్తా. నువ్వు తర్వాత కాగితం సూసుకో." ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తట్టని పరీక్ష ఆమె అరనిమిషంలో పెట్టింది.

దీవెన నిలబడింది. మొదటి వరుస దగ్గర చాలాసేపు ఆగింది. నేను మూతి చూడలేదు, కావాలనే నేలవైపు చూశాను. ఒక చల్లటి చెయ్యి నా భుజం మీద పడింది. "'లూదియా వాళ్లు ఎల్లుండి బస్సెక్కుతాండారు' అంటాంది టీచరమ్మా. నా పేరు రాసినాదా ఆయమ్మ?" అని లూదియా చెవిలో అరిచింది. ఆ తర్వాత వాక్యం వెంట వాక్యం. నువ్వు చెప్పు విసిరింది, అది మీ ఆయన బల్ల మీద పడింది, అంతా వచ్చింది. నీ కుళ్లు సంగతి కూడా వచ్చింది. లూదియా అది నా చెవిలో ఎంత గట్టిగా చెప్పిందంటే వసారా అంతా విన్నారు, ఎస్తేరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీ పరువు పోయిందమ్మా, నేనేం చేయలేను.

చివర నీ పేరు చదివాక లూదియా దీవెనను దగ్గరికి లాక్కుంది. కూతురి జడలు రెండూ చేతుల్లోకి తీసుకుని అట్లాగే కూర్చుంది. ఆమె ఏడుపు నాకు వినపడలేదు, వీపు కదలడం చూశాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "హైస్కూల్లో పేరెప్పుడు రాపిచ్చల్ల?" అని అడిగింది. జూన్ పన్నెండు అన్నాను. పనికి సెలవు పెట్టి తానే వస్తానంది. క్రాసింగు మాట ఎత్తలేదు.

అప్పుడు నీ ఉత్తరం తీసుకుని నేను చదువుకున్నాను. కాలువ కట్ట పేరా దగ్గర ఆగిపోయాను. లూదియా నోట ఆ మాట రాలేదు. "చూపించకూడని సంగతి" అన్నదీ రాలేదు, "ఇక ఆ సంగతి" అన్నదీ రాలేదు. నా క్షమాపణ, నీ కుళ్లు, ఉప్పు బస్తా, అన్నీ చదివిన పిల్ల సరిగ్గా తన తప్పు ఉన్న వరుసలు మాత్రం కళ్లతో చదువుకుని, నోటితో దాటేసి, అవతలి పేరా ఎత్తుకుంది. ఎక్కడా తడబడలేదు.

తలెత్తి చూశాను. దీవెన నావైపే చూస్తోంది.

ఒక చీటీ తీసి, "నీళ్లల్లో ఇంకెవరెవరున్నారు?" అని రాసి దాని చేతికిచ్చాను. చదివింది. చెవుల దాకా ఎర్రబడి, చీటీ మడిచి గుప్పిట్లో దాచుకుంది.

"ఏందీ రాసినావు టీచరమ్మా?" అంది లూదియా.

"శెభాష్ అని రాసినా" అన్నాను.

సలోమి